పుట్టింటి దారిలో క్యామ్రీ

మా అక్క కొడుకు కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఎమ్మెస్‌లో చేరిన కొత్తలోనే ఫోన్ చేసి, “పిన్నీ, ఇక్కడ కారు లేకపోతే బియ్యం బస్తా కూడా ఇంటికి రాదు” అన్నాడు. ఆ మాట నాకు పాతదే. 2004లో పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో కాపురం పెట్టినప్పుడు మేమూ తెనాలికి ఫోన్ చేసి అమ్మానాన్నలతో ఇదే చెప్పుకున్నాం. అమెరికాలో ఇల్లు కొనడానికి ఏళ్లు పడుతుంది, గ్రీన్‌కార్డు రావడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. కారు మాత్రం రాగానే కావాలి. మనవాళ్లలో చాలామందికి ఈ దేశంలో ఇది మాది అని చెప్పుకోగలిగిన మొదటి పెద్ద వస్తువు కారే. మాకది టయోటా క్యామ్రీ. లేత బంగారు రంగుది. అప్పు చేసి కొన్నాం, కొన్న వారంలోనే గుడికి తీసుకెళ్లి పూజ చేయించాం.

ఆ కారు పోయిన అక్టోబరు దాకా న్యూజెర్సీలో, ఎడిసన్‌లో మా ఇంటి ముందే ఉంది. అమ్మాయి కాలేజీకి బోస్టన్ వెళ్లిపోయింది. ఆయన ఆఫీసుకి రైల్లో వెళ్తారు, నేను ఇంటి నుంచే పనిచేస్తాను. ఇంకో కారు ఉండగా దీనికి కూడా ఇన్సూరెన్సు కట్టడం అనవసరమైపోయింది. చలికాలంలో ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఏళ్ల తరబడి కారు కిందిభాగాన్ని కొరుకుతూ వచ్చింది. తుప్పు అక్కడక్కడా కనిపిస్తోంది. మా మెకానిక్ మాత్రం లిఫ్టు మీద పైకెత్తి అంతా చూసి, “ఇంజన్‌కి ఢోకా లేదు, ఫ్రేముకీ లేదు, బ్రేకు పైపులు మార్చుకుంటే చాలు” అన్నాడు. మార్పించాం. నాలుగు టైర్లూ కొత్తవి వేయించాం.

అమ్ముదామంటే అడిగిన చోటల్లా వెయ్యి డాలర్లకి అటూ ఇటూ చెప్పారు. విరాళంగా తీసుకునే సంస్థలున్నాయి, తుక్కుకి తీసుకునే యార్డులున్నాయి. తుక్కు అన్న మాట వినగానే నాకు 2009 వేసవి గుర్తొచ్చింది. పాత కార్లు అప్పగించి కొత్తవి కొనుక్కునేవాళ్లకి ప్రభుత్వం 3,500 నుంచి 4,500 డాలర్ల దాకా ఇచ్చిన పథకం అది. అప్పగించిన కార్లని మళ్లీ ఎవరూ నడపకుండా ఇంజన్లో నూనె తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, అది గడ్డకట్టి ఇంజన్ బిగుసుకుపోయేదాకా నడిపేవాళ్లు. దాదాపు 6.8 లక్షల కార్లు అలా పోయాయి. పెట్రోలు ఎక్కువ తాగే కార్లకే ఆ పథకం కాబట్టి మా క్యామ్రీ జోలికి రాలేదు. అయినా బాగా తిరిగే ఇంజన్‌ని అలా చంపే దృశ్యం టీవీలో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. మా కారు ఎటు పోయినా అటు మాత్రం పోకూడదని అప్పుడే అనుకున్నాను.

అందుకే వాడి ఫోన్ రాగానే ఇంట్లో పెద్ద చర్చ అక్కర్లేకపోయింది. లారీ మీద ఎక్కించి పంపే కంపెనీలున్నాయి. ఆయన వద్దన్నారు. “మనమే తోలుకెళ్దాం. పిట్స్‌బర్గ్ మీదుగా వెళ్దాం” అన్నారు. పిట్స్‌బర్గ్ ఎందుకో నేను అడగలేదు.

బయల్దేరేముందు ట్యాంకు నింపించాం. న్యూజెర్సీలో మన పెట్రోలు మనం కొట్టుకోకూడదు. బంకు మనిషే వచ్చి కొట్టాలి, 1949 నాటి చట్టం అది. దేశమంతటా ఎవరి పెట్రోలు వాళ్లు కొట్టుకుంటుంటే ఈ ఒక్క రాష్ట్రం ఇంకా అలాగే ఉంది. క్యామ్రీ ట్యాంకులో 70 లీటర్లు పడుతుంది. ఒకసారి నింపితే పిట్స్‌బర్గ్ చేరి ఇంకా మిగులుతుంది. చిన్నపిల్లతో ప్రయాణాలు చేసిన రోజుల్లో ఈ సంగతి ఎంత ధైర్యమిచ్చేదో చెప్పలేను.

న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద దక్షిణంగా దిగి, డెలావేర్ నది దాటితే పెన్సిల్వేనియా టర్న్‌పైక్. ఇదివరకు ఎక్కేచోట ఒక చీటీ ఇచ్చేవాళ్లు. ఏ ఎగ్జిట్‌లో దిగితే ఎంత కట్టాలో దాని మీద వరసగా అచ్చయి ఉండేది. ఆ చీటీని భద్రంగా ఉంచడం నా పని. మ్యాప్‌క్వెస్ట్ నుంచి అచ్చు తీసుకున్న కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఏ మలుపు ఎన్ని మైళ్లలో వస్తుందో చదివి చెప్పడమూ నా పనే. 2020 నుంచి ఆ టర్న్‌పైక్ మీద చీటీలు లేవు, డబ్బు తీసుకునే మనుషులూ లేరు. పైన కెమెరా ఫొటో తీసుకుంటుంది, అంతే. దారి ఫోన్ చెబుతుంది. ముందు సీట్లో కూర్చున్న నాకు చేతుల్లో ఏ పనీ లేకపోయింది.

సస్క్వెహానా నది దాటాక కొండలు మొదలవుతాయి. అక్టోబరులో ఆ కొండలు చూడాలి. మేపుల్ ఎరుపు, హికరీ పసుపు, ఓక్ ముదురు గోధుమ, మధ్యమధ్య ఏ రంగూ మారని దేవదారు పచ్చ. బ్లూ మౌంటెన్, కిటటిని సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మొదటి దాంట్లోంచి బయటపడి ఒక్కసారి ఆకాశం చూసేలోపే రెండోదాంట్లో పడతాం. ఆ తర్వాత టస్కరోరా. చాలా దూరం పోయాక అలెగెనీ. మా అమ్మాయి చిన్నప్పుడు సొరంగం మొదలవగానే ఊపిరి బిగబట్టి, అవతల వెలుగు రాగానే ‘హా’ అని వదిలేది. ఐదు వేల అడుగులు దాటిన టస్కరోరాలో అది సాధ్యం కాదు, మధ్యలోనే వదిలేసి మళ్లీ మొదలుపెట్టేది. ఈసారి టస్కరోరాలో ఉండగా ఆయన అద్దంలోంచి వెనక సీటు వైపు చూశారు. నేనూ వెనక్కి తిరిగాను. సూట్‌కేసు, మా అక్క కొడుక్కి తీసుకెళ్తున్న కుక్కరు, రగ్గులు ఉన్నాయి.

ఈ సొరంగాల వెనక ఒక కథ ఉంది. 1880ల్లో విలియం వాండర్‌బిల్ట్, ఆండ్రూ కార్నెగీ లాంటి కోటీశ్వరులు ఈ కొండల మీదుగా ఒక రైలు మార్గం మొదలుపెట్టారు. అప్పటికే ఉన్న పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కి పోటీగా వేస్తున్న మార్గం. 1885లో జె.పి. మోర్గాన్ మధ్యలో పడి రెండు పక్షాలకీ రాజీ కుదిర్చాడు. పని ఆగిపోయింది. సగం తవ్విన సొరంగాలు కొండల్లో అర్ధశతాబ్దం అలాగే ఉండిపోయాయి. నీళ్లు నిండాయి, గబ్బిలాలు చేరాయి. 1930ల చివర పని లేని జనానికి పని చూపించాలని రాష్ట్రం కార్ల కోసం ఒక రోడ్డు వేయాలనుకున్నప్పుడు ఆ సొరంగాల్లో చాలావాటిని తీసుకుని పూర్తిచేసింది. 1940 అక్టోబరు 1న కార్లైల్ నుంచి ఇర్విన్ దాకా 160 మైళ్ల దారి తెరుచుకుంది. అమెరికా సూపర్ హైవేల్లో మొదటిదని దీనికి పేరు.

అయితే రోడ్డు నాలుగు వరసలు, సొరంగాలు రెండే వరసలు. పదిహేనేళ్లు తిరిగేసరికి సెలవు రోజుల్లో సొరంగం ముందు మైళ్ల కొద్దీ కార్లు ఆగిపోవడం మొదలైంది. కొన్నిచోట్ల పక్కనే రెండో గొట్టం తవ్వారు. లారెల్ హిల్, రేస్ హిల్, సైడ్లింగ్ హిల్ దగ్గర మాత్రం సొరంగాలనే వదిలేసి కొండ మీదుగా కొత్త రోడ్డు వేశారు. అలా 1968లో బ్రీజ్‌వుడ్ దగ్గర 13 మైళ్ల రోడ్డు, రెండు సొరంగాలతో సహా, వాడకంలోంచి తప్పుకుంది.

ఆ పక్క నుంచి ఎన్నోసార్లు వెళ్లినా మేమెప్పుడూ దిగి చూడలేదు. ఎప్పుడూ చేరాల్సిన తొందరే. ఈసారి బ్రీజ్‌వుడ్‌లో దిగాం. పెట్రోలు బంకులు, మోటళ్లు, పెద్దపెద్ద బోర్డులు, ట్రాఫిక్ దీపాలు దాటి ఊరి చివర కారు ఆపి, పాత టర్న్‌పైక్ మీద నడిచాం. తారు పగుళ్లలోంచి మొక్కలు మొలిచాయి. మధ్యలో ఒకప్పటి గీత ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. కిటికీ అద్దాల వెనక నుంచి గంటకి డెబ్బై మైళ్ల వేగంతో చూసే కొండని అడుగు అడుగునా చూడడం అదే మొదటిసారి. రేస్ హిల్ సొరంగం నోటి దగ్గర నిలబడితే చల్లని గాలి మొహానికి కొట్టింది. 3,532 అడుగుల పొడవు, లోపల ఒక్క దీపం లేదు, అవతలి చివర నాణెమంత వెలుగు. సైకిళ్ల మీద ఒక కుటుంబం తలలకి లైట్లు కట్టుకుని లోపలికి వెళ్లింది. పిల్లల కేకలు చాలాసేపు వినిపించాయి. ‘ద రోడ్’ సినిమాని ఈ రోడ్డు మీదే కొంత తీశారు, లోకం అంతమయ్యాక మిగిలిన దారిగా చూపించడానికి. నాకైతే లోకం అంతమైనట్టు అనిపించలేదు. కార్లకి అక్కర్లేకపోయిన రోడ్డు సైకిళ్లకి పనికొచ్చింది. రైలుకి అక్కర్లేకపోయిన సొరంగం అంతకుముందు కార్లకి పనికొచ్చింది. వస్తువుకి ఒక ఉపయోగం ముగిస్తే ఇంకో ఉపయోగం దొరకాలి, దొరికించాలి. ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డప్పుడు మా ప్రయాణం మీద నాకు ఇంకాస్త ఇష్టం కలిగింది.

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి పెన్ హిల్స్‌లో కొండవాలు మీద ఉంటుంది. తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో 1970ల్లో కట్టారు. అమెరికాలో మన పద్ధతిలో గోపురంతో వెలిసిన తొలి గుళ్లలో ఇదొకటి. చుట్టుపక్కల ఏ రాష్ట్రంలోనూ ఇలాంటి గుడి లేని రోజుల్లో మనవాళ్లు ఐదారు వందల మైళ్ల దూరం నుంచి పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించడానికి ఇక్కడికి వచ్చేవాళ్లని పెద్దవాళ్లు చెబుతారు. మా అమ్మాయి అన్నప్రాసన ఇక్కడే. మా క్యామ్రీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నడిపింది ఈ గుడి ముందే.

మర్నాడు, ఆదివారం ఉదయం గుడి కిటకిటలాడుతోంది. కొత్త ఎలక్ట్రిక్ కారుకి పూజ జరుగుతుంటే దాని వెనక మేం నిలబడ్డాం. అర్చకులు మా కారు చూసి, “ఇది కొత్తది కాదు కదమ్మా?” అన్నారు. చెప్పాను. పూజ చేయించింది ఇక్కడే, ఇప్పుడు మా అక్క కొడుక్కి ఇస్తున్నాం, ఇచ్చేముందు స్వామికి చూపిద్దామని వచ్చాం అన్నాను. ఆయన కాస్త ఆలోచించారు. “సాగనంపడానికి వేరే విధి ఏదీ లేదమ్మా. ఆ అబ్బాయి పేరు మీద అర్చన చేస్తాను, బండికి హారతి ఇస్తాను. గోత్రం, నక్షత్రం చెప్పండి” అన్నారు.

వాడి గోత్రం మా బావగారిది, అది తెలుసు. నక్షత్రం తెలియదు. అక్కకి ఫోన్ చేశాను. తెనాలిలో అప్పటికి రాత్రయింది.

“అక్కా, వాడి నక్షత్రం ఏంటే?”

“ఏమైందే వాడికి?” అంది అక్క, గొంతు మారిపోయింది.

“వాడికేం కాలేదు. గుడిలో ఉన్నాం. కారు వాడి పేరు మీద పూజ చేయిస్తున్నాం.”

కాసేపు మాట లేదు. తర్వాత, “ఉత్తర. రెండో పాదం” అంది. “ఆ కారేనా? నాన్న ముందు సీట్లో కూర్చున్న ఫొటో ఉంది చూడు, ఆ కారేనా?”

ఆ కారే. నాన్న రెండుసార్లు వచ్చి మా దగ్గర ఉన్నారు. బయటికెళ్తే ముందు సీటు ఆయనది. అందులో క్యాసెట్, సీడీ రెండూ ఆడతాయి. తెనాలి నుంచి తెచ్చుకున్న ఘంటసాల భగవద్గీత క్యాసెట్టు పెట్టించుకుని, ఒహాయో మొక్కజొన్న చేల మధ్య కళ్లు మూసుకుని వినేవారు. రోడ్డుకి కుడివైపున వెళ్లడం ఆయనకి చివరిదాకా అలవాటు కాలేదు. ఎదురుగా లారీ కనిపిస్తే కాలు తనంతట తనే కింద బ్రేకు వెతుక్కునేది. ఆయన కాళ్ల కింద కార్పెట్టు ఆ ఒక్కచోటా అరిగి ఉంటుంది. అది నాన్న వల్లే అరిగిందని నేను నమ్ముతాను.

హారతి ఇచ్చాక అర్చకులు బానెట్ మీద పసుపు కుంకాలు పెట్టారు. కింద భోజనశాలలో పులిహోర, దద్దోజనం తిని బయల్దేరాం.

పశ్చిమంగా వీలింగ్ దాకా కొండలు, అక్కడ ఒహాయో నది. 1849లో కట్టిన వేలాడే వంతెన పక్కనే కనిపిస్తుంది. బరువైన బళ్లు పదేపదే ఎక్కేయడంతో 2019లో దాని మీద వాహనాలు ఆపేశారు, ఇప్పుడు మనుషులు నడుస్తారు. నది దాటాక ఇంకొంత దూరం కొండలే, ఆ తర్వాత అంతా చదును. సోయా కోతలు అవుతున్నాయి. కొలంబస్ దగ్గర రాత్రికి ఆగి, సోమవారం ఉదయం మళ్లీ దారి పట్టాం. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. కారు ఒక్కసారి కూడా మొరాయించలేదు, అదే చెప్పుకోదగ్గ విషయం.

సిన్సినాటిలో మళ్లీ ఒహాయో నది. 1963 నాటి బ్రెంట్ స్పెన్స్ వంతెన రెండంతస్తులది, లారీలతో కిక్కిరిసి ఉంటుంది. దూరంగా జాన్ రోబ్లింగ్ కట్టిన నీలం వంతెన. బ్రూక్లిన్ వంతెనకి ముందు ఆయన కట్టింది అదే. అవతలి ఒడ్డు కెంటకీ. అక్కడి నుంచి గంటకి పైగా దక్షిణంగా పోతే జార్జిటౌన్. లెక్సింగ్టన్ ఇంకా పదిహేను మైళ్లుండగానే ఆయన 126వ ఎగ్జిట్ తీసుకున్నారు. రోడ్డు పేరు చెర్రీ బ్లాసమ్ వే. అప్పుడు నాకు అర్థమైంది.

క్యామ్రీ పుట్టింది ఇక్కడే. ముందు అద్దం కింద, డ్రైవర్ మూలన ఒక సన్నని రేకు మీద 17 అక్షరాల నంబరు ఉంటుంది. ప్రతి కారుకీ ఉంటుంది. మా కారు నంబరు 4తో మొదలవుతుంది, అంటే అమెరికాలో తయారైందని. పదో అక్షరం మోడల్ సంవత్సరం. పదకొండోది యు. టయోటా కార్లలో అది జార్జిటౌన్ కర్మాగారం గుర్తు. ఇన్సూరెన్సు కాగితాల మీద ఇన్నేళ్లుగా రాస్తున్నా ఆ అక్షరాల్లో ఏం దాగి ఉందో నేను పట్టించుకోలేదు. ఆయన పట్టించుకున్నారు. పెళ్లయి వెళ్లిన పిల్లని పుట్టింటికి తీసుకొచ్చినట్టు తీసుకొచ్చారు.

1985 డిసెంబరులో టయోటా ఇక్కడ కర్మాగారం పెడతామని ప్రకటించింది. అప్పటి గవర్నర్ మార్తా లేన్ కాలిన్స్, కెంటకీకి తొలి మహిళా గవర్నర్. ఒక విదేశీ కంపెనీకి ఇన్ని రాయితీలా అని ఆమెని విమర్శించినవాళ్లు చాలామంది. పొగాకు తోటలు, గుర్రాల శాలలు ఉన్న ప్రాంతంలో 1,300 ఎకరాల్లో కర్మాగారం లేచింది. 1988 మేలో మొదటి క్యామ్రీ బయటికొచ్చింది. ఆ మొదటి కారు ఇప్పటికీ ఇక్కడే దాచి ఉంచారు. లోపలికి వెళ్లి చూడాలంటే ముందే పేరు రాయించుకోవాలి, మేం రాయించుకోలేదు. రోడ్డు పక్క నుంచే చూశాం. పొడవైన తెల్లని కప్పులు, కంచె వెనక వరసగా కొత్త కార్లు. షిఫ్టు మారే వేళ. లోపలి నుంచి వస్తున్నవాళ్లు చాలామంది నడిపేవి టయోటాలే.

ఊళ్లో పెట్రోలు కోసం ఆగాం. ఇక్కడ మన పెట్రోలు మనమే కొట్టుకోవాలి. ఆయన కొడుతుంటే పక్క పంపు దగ్గరున్న పెద్దాయన బానెట్ మీది కుంకుమ చూసి, నంబరు ప్లేటు చూసి, “న్యూజెర్సీ నుంచి దీంట్లోనే వచ్చారా?” అని అడిగాడు.

“అవునండీ.”

“ఏ సంవత్సరం?”

“నాలుగు.”

“ఎన్ని మైళ్లు?”

“రెండు లక్షల నలభై వేలు దాటింది.”

ఆ పెద్దాయన ముప్పై ఏళ్లు ఆ కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడట. కొన్నేళ్లు తలుపులు బిగించే చోట ఉన్నాడట. అడిగి, డ్రైవరు తలుపు తెరిచాడు. రెండు వేళ్లతో నెమ్మదిగా నెట్టాడు. తలుపు మెత్తగా వచ్చి పడింది. మళ్లీ తెరిచి మళ్లీ నెట్టాడు. “ఇంకా సరిగ్గానే కూర్చుంటోంది” అన్నాడు. బిగించేటప్పుడు ఏ కారులోనైనా లోపం కనిపిస్తే పైన వేలాడే తాడు లాగేవాళ్లమని, ఎంత చిన్న పనివాడైనా ఆ తాడు లాగితే లైను ఆగేదని చెప్పాడు. “ఆ తాడు లాగడానికి మొదట్లో భయపడేవాణ్ణి. జపాన్ నుంచి వచ్చిన ట్రైనర్ నా చెయ్యి పట్టుకుని లాగించాడు. లైను ఆగిపోయింది. ఆయన చప్పట్లు కొట్టాడు.”

మా అమ్మాయిని ఫిబ్రవరి మంచులో ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఇందులోనే అని నేను ఆయనకి చెప్పాను. అవతలివాళ్లకి అక్కర్లేని సంగతులు చెప్పే అలవాటు నాకు లేదు. ఆ మనిషికి చెప్పాలనిపించింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. “మంచిది. చాలా మంచిది” అన్నాడు. ఆ తలుపులు బిగించింది ఆయన చేతులే కాకపోవచ్చు. ఆయన పక్కన నిలబడ్డవాళ్లు ఎవరో బిగించి ఉంటారు. ఇన్నేళ్లు మా ప్రాణాలు మాకు పేరు తెలియని కొందరి శ్రద్ధ మీద ఆధారపడ్డాయని ఆ పంపు దగ్గర నిలబడి ఉండగా బాగా తెలిసొచ్చింది.

మా ఇంట్లో ఈ దేశంలో పుట్టినవాళ్లు ఇద్దరే: అమ్మాయి, కారు. వయసుకి కారే పెద్దది. మేం ఎటు తిరగాలో తెలియక, మాట్లాడితే యాస ఎవరికీ అందక, వీసా కాగితాలు సంచిలో పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లో ఈ నేలని మాకు చూపించింది ఇదే. తనూ పరాయి దేశపు పేరుతోనే పుట్టింది. దాన్ని ఇక్కడివాళ్లు తమ చేతులతో చేసుకున్నారు, తమదే అన్నారు. క్యామ్రీని విదేశీ కారని ఎవరూ అనడం నేను జార్జిటౌన్‌లో వినలేదు.

లెక్సింగ్టన్ దారిలో గుర్రాల మేత బీళ్లు, వాటి చుట్టూ నల్లని చెక్క కంచెలు. వాడు అపార్ట్‌మెంట్ బయటే నిలబడి ఉన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, “బాబాయ్, ఇది నిజంగా నాకేనా?” అన్నాడు. వాడి రూమ్మేట్లు ముగ్గురూ దిగొచ్చారు. వాళ్లు చదువు ముగించి వెళ్లేటప్పుడు జూనియర్లకి మంచం, కుర్చీ, కుక్కరు, కారు అప్పగించి వెళ్తారట. ఈ దేశంలో మన విద్యార్థులున్న ప్రతి యూనివర్సిటీలోనూ ఇలా చేతులు మారుతున్న పాత క్యామ్రీలు, కరోలాలు ఎన్ని ఉంటాయో.

ఆ సాయంత్రం ఆయన వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించారు. ఆయిల్ పుల్ల ఎక్కడుంది, స్టెప్నీ ఎక్కడుంది, చలిలో ఎంతసేపు ఆగి బయల్దేరాలి, హీటర్ నుంచి తియ్యని వాసన వస్తే ఎందుకు వెంటనే ఆపాలి. వాడు ఫోన్లో రాసుకున్నాడు. డిక్కీలో కార్పెట్టు మీద నూనె మరక చూసి ఇదేంటి పిన్నీ అంటే, మీ అమ్మమ్మ తెచ్చిన ఆవకాయ సీసా మూత ఊడిందిరా అని చెప్పాను. వంగి వాసన చూశాడు. రాలేదన్నాడు.

మర్నాడు కాగితాల పని. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కారుని కెంటకీలో ముందు షెరిఫ్ ఆఫీసు మనిషి తనిఖీ చేయాలి. ఆమె రేకు మీద నంబరు, టైటిల్ మీద నంబరు పోల్చి చూసి సంతకం పెట్టింది. తర్వాత కౌంటీ క్లర్కు ఆఫీసు. 2010, అంతకంటే పాత మోడళ్లు ఎన్ని మైళ్లు తిరిగాయో అమ్మేవాళ్లు ప్రకటించాల్సిన పని లేదని అమెరికా చట్టం. అంత పాత కార్లకి ఆ లెక్కతో పని లేదన్నమాట. క్లర్కు ఆ గడి వదిలేయమంది. ఆయన మాత్రం మీటరు అంకె పూర్తిగా రాసి కింద సంతకం పెట్టారు.

న్యూజెర్సీలో నంబరు ప్లేట్లు కారుతో పోవు, యజమాని విప్పుకుని తిరిగి ప్రభుత్వానికి ఇచ్చేయాలి. పార్కింగు స్థలంలో స్క్రూడ్రైవర్‌తో ఆయన వెనక ప్లేటు విప్పుతుంటే దాని చివరి అంకె మీద నా చూపు ఆగింది. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని తాకాక కరెంటు లేదు, పెట్రోలు లేదు. మా కౌంటీతో సహా 12 కౌంటీల్లో ప్లేటు చివరి అంకె సరి అయితే సరి తేదీన, బేసి అయితే బేసి తేదీన పెట్రోలు పోస్తామన్నారు. మాది సరి అంకె. చీకట్లో బంకు ముందు వరసలో గంటల తరబడి కూర్చున్నాం. అమ్మాయి వెనక సీట్లో రగ్గు కప్పుకుని నిద్రపోయింది. ఇంట్లో ఎక్కడా లేని వెచ్చదనం కారులోనే ఉంది. ఫోన్లు కారులోనే చార్జి పెట్టుకున్నాం. తెనాలి నుంచి నాన్న, “తలదాచుకోడానికి చోటుందా అమ్మా?” అని అడిగితే, “ఉంది నాన్నా, కారులో ఉన్నాం” అన్నాను.

ప్లేట్లు రెండూ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. వాడు కెంటకీ ప్లేటు బిగించాడు. ఇక్కడ ముందు ప్లేటు ఉండదు, వెనక ఒక్కటే. ముందు బంపరు మీద రెండు స్క్రూ రంధ్రాలు మిగిలాయి.

ఎయిర్‌పోర్టుకి మమ్మల్ని వాడే దించాడు. ఆయన ముందు, నేను వెనక. నాన్న ఉన్నప్పుడు తప్ప వెనక సీట్లో ఎప్పుడైనా కూర్చున్నానో లేదో గుర్తులేదు. మా అమ్మాయి ఎటువైపు చూస్తూ పెరిగిందో, ఏ కిటికీలోంచి ఎంత ఆకాశం కనిపించేదో ఇప్పుడు చూశాను. డ్రైవరు సీటు వెనక గుడ్డ మీద చిన్న చెప్పుల మరకలున్నాయి. వాడు జాగ్రత్తగా నడిపాడు. దిగేటప్పుడు కాళ్లకి దణ్ణం పెట్టాడు.

ఎడిసన్‌లో ప్లేట్లు అప్పగించి రశీదు తీసుకున్నాం. ఇన్సూరెన్సు ఆపించాం. జనవరిలో ఒక రాత్రి వాడి ఫోన్ వచ్చింది. వెనక నుంచి వాన చప్పుడు, ఇద్దరు ముగ్గురి మాటలు.

“బాబాయ్, పక్క సీటు అద్దం సగంలో ఆగిపోయింది. పైకి రావట్లేదు. లోపలికి వాన కొడుతోంది.”

“చలికి మోటారు లాగలేదు, అంతే. ఎవరున్నారు పక్కన?”

“రూమ్మేట్ ఉన్నాడు.”

“రెండు అరచేతులూ అద్దానికి ఆనించి పైకి నెట్టమను. అదే సమయానికి నీ వైపు బటన్ ఎత్తి పట్టుకో. తొందరపడకండి.”

ఏదో గరగర చప్పుడు, తర్వాత వాన చప్పుడు తగ్గింది. “ఎక్కింది బాబాయ్!”

“ఈ నెలలోనే మెకానిక్‌కి చూపించు. తలుపు లోపల రెగ్యులేటర్ మార్చాలి, పెద్ద ఖర్చు కాదు. ఇంత రాత్రి ఎక్కడికిరా?”

“సిన్సినాటి ఎయిర్‌పోర్టుకి. స్ప్రింగ్ సెమిస్టర్‌కి కొత్త కుర్రాళ్లిద్దరు దిగుతున్నారు. మొత్తం నాలుగు పెద్ద సూట్‌కేసులు. పడతాయా బాబాయ్?”

“రెండు డిక్కీలో అడ్డంగా పడతాయి. మూడోది వాటి మీద పెట్టకు, మూత పడదు. వెనక సీటు ఒకపక్క మడిచి మిగతా రెండూ నిలువుగా తొయ్యి. మధ్యలో ఒకడు కూర్చోవచ్చు” అన్నారు ఆయన.